తొట్టిలో చేపలు కొంగల పాలు కాకుండా

పెరట్లో సిమెంటు తొట్టి కట్టించి నాలుగు కోయి చేపలో పది గోల్డ్‌ఫిష్‌లో వదిలాక, ఏదో ఒక పొద్దున లెక్క తప్పడం మామూలే. అప్పుడు హడావిడిగా బజారుకెళ్లి ఓ వల తెచ్చి నీళ్ల మీద పరుస్తారు. పది రోజుల్లో ఆ వల మధ్యలో కుంగి నీటిని తాకుతుంది. దాని మీదే కొంగ నిలబడి, వల కన్నుల్లోంచి తీరిగ్గా ముక్కు దింపుతుంది. లకుముకి వచ్చే తొట్టికి పెద్ద కన్ను వల కట్టినా, కొంగ వచ్చే కుంటకు మెరిసే రిబ్బన్లు కట్టినా జరిగేది ఇదే. అందుకని డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక వారం గమనించండి. ఏ పక్షి, ఏ వేళకు వస్తోంది, ఎక్కడ వాలుతోంది, చేపను ఎలా పడుతోంది అన్నది తెలిస్తే సగం పని అయినట్టే.

ఇక్కడ ఇచ్చే కొలతలు ఒక మామూలు పెరటి తొట్టికి: గోడ మధ్య నుంచి మధ్యకు కొలిస్తే పొడవు 10 అడుగులు, వెడల్పు 6 అడుగులు, నీటి లోతు 3 అడుగులు. ఇటుక గోడ మందాన్ని బట్టి సుమారు 4,500 లీటర్లు పడుతుంది. మీ తొట్టి వేరే సైజైతే ఆ లెక్కన పెంచుకోండి, తగ్గించుకోండి.

ముందు దొంగను గుర్తుపట్టండి

మన ఊళ్లలో ఇళ్ల తొట్ల మీదికి వచ్చేవి ముఖ్యంగా ఐదు రకాలు.

గుడ్డికొంగ అందరికంటే తరచుగా వచ్చే చుట్టం. అడుగున్నర పొడవుంటుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగులో ఉండి గట్టులో కలిసిపోతుంది, ఎగిరితే తెల్లటి రెక్కలు కనిపిస్తాయి. అంచు మీద మెడ ముడుచుకుని కదలకుండా నిలబడి, చేప దగ్గరికి రాగానే ఒక్క పోటు పొడుస్తుంది. ఈత కొట్టదు, నీళ్లలో నడవాలన్నా లోతు జానెడు దాటకూడదు. నారాయణ పక్షి దీనికి పెద్దన్న. నిలబడితే మూడడుగుల ఎత్తు, అడుగు లోతు నీళ్లలో కూడా దర్జాగా నడుస్తుంది, జానెడు పొడవు కోయిని కూడా మింగేస్తుంది. చెరువులకు, ఏటి పాయలకు దగ్గరగా ఉన్న ఇళ్లకు దీని బెడద ఎక్కువ.

చింతవక్క పగలంతా చెట్ల మీద గుంపుగా కునుకు తీసి, మసక పడ్డాక వేటకు దిగుతుంది. రాత్రి పదింటికి లెక్క సరిపోయి, తెల్లారేసరికి తగ్గిందంటే దీన్నో పిల్లినో అనుమానించాలి.

నీటికాకి పద్ధతి వేరు. నీటి మీద వాలి, లోపలికి మునిగి, చేపను వెంటాడి పట్టుకుంటుంది. కాబట్టి లోతు దీన్ని ఆపదు. చిన్న నీటికాకి రెండు మూడు రోజుల్లో ఒక తొట్టిని ఖాళీ చేయగలదు. వేట అయ్యాక గోడ మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ కనిపించిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇక లకుముకి పిట్ట. బట్టలారేసే తీగ మీదో, మోటారుకు వెళ్లే కరెంటు వైరు మీదో, కొబ్బరి మట్ట మీదో కూర్చుని, నిటారుగా నీళ్లలోకి దూకి, రెండు మూడు అంగుళాల చేపను పట్టుకుని మళ్లీ అదే చోటికి వెళ్తుంది. అక్కడ కొమ్మకేసి బాది మింగుతుంది. ఆ చోటు కింద నేల మీద తెల్లటి రెట్ట చారలు, పొలుసులు, సన్నటి ఎముకలు కలిసిన చిన్న ఉండలు దొరుకుతాయి. పెద్ద కోయి చేపలకు దీనివల్ల భయం లేదు. చిన్న పిల్లలను వదిలిన తొట్టికే నష్టం.

మనిషి చూడని వేళ వచ్చే దొంగను పట్టడానికి ఒక పని చేయండి. సాయంత్రం గోడ అంచు మీద, గట్టు చుట్టూ జల్లించిన సన్న ఇసుకను పలచగా చల్లండి. ముగ్గుపిండి కూడా పనికొస్తుంది గానీ నీళ్లలో పడుతుంది, ఇసుకే మేలు. పొద్దున్నే చూస్తే అడుగులు తేటగా ఉంటాయి. ముందుకు మూడు, వెనక్కి ఒకటి పొడవైన వేళ్లుంటే కొంగ జాతి. గుండ్రటి మెత్తలు, గోళ్ల గుర్తు లేకపోతే పిల్లి. గోళ్ల గుర్తులతో చిన్న పాదాలు వరసగా ఉంటే ముంగిస కావచ్చు. అడుగులేమీ లేకుండా చేప మాయమైతే పైనుంచి దూకే పక్షి, లేదా నీటికాకి.

చేప మీద గుర్తులూ చెబుతాయి. వీపు మీద ఒకటో రెండో లోతైన పోట్లు, పొలుసులు ఊడిన చారలు ఉంటే కొంగ పొడిచి జారవిడిచింది. సగం తిని గట్టు మీద వదిలేస్తే పిల్లి, ముంగిస. మేత వేసినా పైకి రాకుండా అడుగునే ముడుచుకుని ఉంటే, ఇవాళో నిన్నో ఎవరో వచ్చి వెళ్లారని అర్థం.

కాకి విషయంలో మాత్రం తొందరపడకండి. తొట్టిలోంచి చేపను ఎత్తుకెళ్తున్న కాకిని చూసి చాలామంది వల కొంటారు. చాలాసార్లు ఆ చేప రాత్రే చచ్చి తేలింది, కాకి పొద్దున్నే ఏరుకుంది. అలాంటప్పుడు చూడాల్సింది నీటిని. అలాగే వానాకాలంలో తొట్టి పొంగినా, కొత్తగా వదిలినప్పుడు బెదిరినా చేపలు ఎగిరి బయట పడతాయి. చుట్టూ నాలుగడుగుల దూరం వరకు మొక్కల మొదళ్లలో, చీమలు పట్టిన చోట వెతికాకే పక్షి మీద నింద వేయండి.

లెక్క తేలాలంటే వారానికోసారి మేత వేసే వేళ పైనుంచి ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. కదిలే చేపలను కళ్లతో లెక్కపెడితే ప్రతిసారీ ఒక లెక్క వస్తుంది.

తొట్టినే సరిచేయడం

కొంగ జాతికి కావాల్సినవి రెండే: నిలబడే చోటు, ముక్కుకు అందే దూరంలో చేప. ఈ రెండూ లేకుండా చేస్తే వల లేకపోయినా నష్టం బాగా తగ్గుతుంది.

నీటి లోపల మెట్లు, మొక్కల కోసం కట్టే అరుగులు, ఏటవాలు గట్లు కొంగకు పీట వేసినట్టే. కొత్తగా కట్టేవాళ్లు గోడలను నిటారుగా, లోతు కనీసం 3 అడుగులు ఉండేలా కట్టించండి. కోయి చేపలైతే 4 అడుగులు మంచిది. ఇప్పటికే అరుగు ఉంటే దాని మీద కుండీలను సందు లేకుండా పేర్చండి, లేదా వాటి మధ్య గుండ్రాళ్లను నిటారుగా నింపండి. కాలు పెట్టడానికి చదునైన చోటు దొరక్కూడదు.

నీటి మట్టం గోడ పైఅంచుకు కనీసం అడుగు కింద ఉండాలి. అంచుదాకా నింపిన తొట్టి అందంగా ఉంటుంది, కొంగకూ అలాగే ఉంటుంది. అయితే వేసవిలో మరో సంగతి: మే నెల ఎండకు రోజుకు సెంటీమీటరుకు దగ్గరగా నీరు ఆవిరైపోతుంది. పది రోజులు పట్టించుకోకపోతే మూడున్నర అంగుళాలు తగ్గి, మునిగి ఉన్న అరుగు బయటపడుతుంది. చెరువులు ఎండి పక్షులు ఇళ్ల మీదికి వచ్చేదీ ఆ రోజుల్లోనే. గోడకు లోపల రంగుతో ఒక గీత గీసి, మట్టం దాని కిందికి పోకుండా చూసుకోండి. మున్సిపల్ నీళ్లు నేరుగా పోయకండి, క్లోరిన్ పోయేలా ఒక రోజు డ్రమ్ములో ఉంచి పోయండి.

నిటారు గోడల లోతు తొట్టిలో చిన్నపిల్లలు పడితే ఎక్కలేరు. ఇంట్లో పసివాళ్లుంటే పైన గట్టి ఫ్రేము తప్పనిసరి. వల ఒక్కటే పిల్లల బరువు ఆపదు, దాని కింద ఇనుప జాలీ ఉండాలి.

దాక్కునే చోటు కూడా ముఖ్యమే. అడుగున 6 అంగుళాల పీవీసీ పైపు ముక్కలు, ఒక్కొక్కటి రెండడుగుల పొడవు, రెండు మూడు పక్కపక్కన కట్టి, పైన రాయి పెట్టి ఉంచండి. రెండు చివర్లూ తెరిచే ఉండాలి. ఒక వైపు మూసి ఉంటే చేపలు లోపలికి వెళ్లడానికి జంకుతాయి, చెత్త కూడా పేరుకుంటుంది. కోసిన అంచులను ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేయండి, లేకపోతే పొలుసులు ఊడతాయి. జానెడు దాటిన కోయి చేపలకు 8 అంగుళాల పైపు కావాలి. సిమెంటు తూము వాడితే రెండు మూడు వారాలు వేరే నీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ సున్నం దిగనిచ్చాకే తొట్టిలో దించండి.

నీటి మీద నీడకు కలువ మంచిది. అంతరతామర కూడా పనికొస్తుంది, కానీ వారం వారం తీసేయాలి. గుర్రపుడెక్క జోలికి పోకండి. ఎక్కువైందని కాలువలో పడేస్తే ఊరంతటికీ తలనొప్పి. ఆకులు నీటి పైభాగంలో సగం వరకు కప్పితే చాలు. అంతకు మించితే రాత్రిపూట మొక్కలు కూడా ప్రాణవాయువును వాడుకుని, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. కొంగ దిగేదీ సరిగ్గా ఆ వేళే. రక్షణ కోసం పెట్టిన ఆకులే చేపలను దాని నోటికి అందిస్తాయి. పొద్దున్నే చేపలు పైన గాలి మింగుతూ కనిపిస్తే ముందు ఆకులు తగ్గించండి, నిమిషానికి 20 లీటర్ల గాలి కొట్టే ఎయిర్ పంపు పెట్టి రాత్రంతా నడపండి. కరెంటు పోయే ఊరైతే దాన్ని ఇన్వర్టరు లైనుకు కలపండి.

మేత కూడా అంతే. తేలే మేతను తెల్లారగానే వేస్తే చేపలన్నీ పైకి చేరతాయి, మీరు లోపలికి వెళ్తారు, గోడ మీద కూర్చున్నది దిగుతుంది. తొమ్మిది, పది గంటల మధ్య మనుషులు తిరిగే వేళ వేయండి. ఐదు నిమిషాల్లో తినేంత వేసి, అయిపోయేదాకా అక్కడే ఉండండి.

ఫ్రేము మీద వల: అసలు పని

ఐదు రకాల పక్షులకూ పనిచేసే ఏకైక అడ్డు గట్టిగా బిగించిన వల. దీనికి పెట్టే ఖర్చే అన్నిటికంటే ఉపయోగం.

వల ఎంచుకోవడం. వలల దుకాణంలో కన్ను సైజు చెప్పి అడగండి. లకుముకి కూడా వచ్చే తొట్టికి 20 నుంచి 25 మిల్లీమీటర్ల కన్ను కావాలి. కొంగలు మాత్రమే వస్తే 40 వరకు పర్వాలేదు. బాల్కనీలకు కట్టే పావురాల వల తెస్తే చిన్న లకుముకి దూరిపోవచ్చు, కొనేముందు స్కేలు పెట్టి చూసుకోండి. పురి పెట్టిన దారంతో ముడులు వేసి అల్లింది, చేతికి తాడులా తగిలేది తీసుకోండి. కంటికి కనబడని సన్నటి ఒంటిపోగు వల వద్దు. దానిలో పక్షి కాలు, జెర్రిపోతు మెడ చిక్కుకుంటే కోసేదాకా రాదు. ఎండకు తట్టుకునే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) వల నైలాన్ కంటే ఎక్కువ కాలం ఉంటుంది. నైలాన్ వల రెండో వేసవి దాటాక వేలితో లాగితే తెగుతుందేమో పరీక్షించండి.

ఫ్రేము. మొత్తం తొట్టికి ఒకే మూత చేస్తే ఎత్తడానికి ఇద్దరు కావాలి, ఇక ఎవరూ ఎత్తరు, తొట్టి శుభ్రం కాదు. 5 అడుగులు ఇంటు 6 అడుగుల రెండు రెక్కలుగా చేయించండి. ముప్పావు అంగుళం జీఐ (జింకు పూత వేసిన ఇనుము) స్క్వేర్ పైపు సరిపోతుంది. 20 అడుగుల పైపులు మూడు తీసుకోండి. రెండు రెక్కలకూ కలిపి 6 అడుగుల ముక్కలు నాలుగు, 5 అడుగుల ముక్కలు నాలుగు, ప్రతి రెక్క మధ్యలో వేసే అడ్డపట్టీలు రెండు కావాలి. అడ్డపట్టీ ఫ్రేము లోపల ఇముడుతుంది కాబట్టి 5 అడుగులకు అంగుళంన్నర తక్కువగా కోయాలి. మొదటి పైపులో రెండు 5 అడుగుల ముక్కలు, రెండు అడ్డపట్టీలు. రెండో పైపులో మూడు 6 అడుగులవి. మూడో దానిలో ఒక 6, రెండు 5. ఇలా కోయిస్తే నాలుగో పైపు కొనే పని ఉండదు. కోసేవాడికి ఈ వరస రాసివ్వండి. చెప్పకపోతే చేతికొచ్చినట్టు కోసి ఇంకో పైపు తెమ్మంటాడు.

అడ్డపట్టీ అక్కర్లేదని వెల్డింగ్ మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. ఆరడుగుల మేర ఆధారం లేని వల ఆరు నెలల్లో కుంగుతుంది.

వెల్డింగ్ తొట్టి పక్కన చేయించకండి. జీఐ మీద వేడి తగిలితే జింకు పూత కాలి పొడిగా రాలుతుంది, నీళ్లలో జింకు చేపలకు విషం. గేటు దగ్గరో వీధిలోనో చేయించి, అతుకులను బ్రష్‌తో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, ఎనామిల్ రెండు కోట్లు వేయించి, వాసన పూర్తిగా పోయేదాకా వారం రోజులు ఎండనిచ్చి తొట్టి మీదికి తేండి. రాగి తీగ ఎక్కడా వాడకండి, అదీ చేపలకు విషమే.

వల బిగించడం. ఫ్రేము కంటే అన్ని వైపులా అరడుగు ఎక్కువ ఉండేలా వల కత్తిరించండి. కన్నులు చతురస్రంగా నిలిచేలా పరవాలి. డైమండు ఆకారంలో వదిలేస్తే ఒక వైపు లాగినప్పుడు రెండో వైపు వదులవుతుంది. 3 మిల్లీమీటర్ల నైలాన్ తాడును వల అంచు కన్నుల్లోంచి వరసగా దూర్చి, నాలుగు మూలలా ముందు కట్టండి. తర్వాత ఎదురెదురు అంచుల మధ్యభాగాలు. ఆ తర్వాతే మిగతా చోట్ల అరడుగుకొకటి చొప్పున కేబుల్ టైలు వేయండి. నల్లవే కొనండి, తెల్లవి ఒక ఎండాకాలానికి పెళుసై విరిగిపోతాయి. ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ బిగించుకుంటూ వెళ్తే చివరి మూలలో ముడత మిగులుతుంది, ఆ ముడతే పాముకు ఉచ్చు.

అయ్యాక అరచేత్తో మధ్యలో నొక్కండి. రెండు అంగుళాల కంటే కుంగితే విప్పి మళ్లీ బిగించాల్సిందే. మిగిలిన అంచు వేలాడకుండా కోసేయండి.

అమర్చడం. వల నీటికి కనీసం అడుగు పైన ఉండాలి. నారాయణ పక్షి ముక్కు, మెడ కలిపి కన్నుల్లోంచి ఎంత దింపుతుందో ఆలోచించుకోండి. గోడ ఎత్తు చాలకపోతే నాలుగు మూలలా, పొడవు మధ్యలో రెండు వైపులా, మొత్తం ఆరు చోట్ల ఇటుకలు పేర్చి సిమెంటు చేయించి వాటి మీద కూర్చోబెట్టండి. అలా ఎత్తినప్పుడు పక్కల సందుల్ని అదే వల ముక్కలతో మూయడం మరచిపోకండి. నీటికాకి పై నుంచి కుదరకపోతే పక్క నుంచి దూరుతుంది. రెండు రెక్కలకూ బయటి అంచున తలుపు మడతబందులు వేసి, మధ్యలో రెండూ కలిసే చోట ఒక కొక్కెం పెట్టండి. ఫ్రేముకూ గోడకూ మధ్య వేలు పట్టేంత సందు కూడా ఉండకూడదు.

తామర ఉన్న తొట్టికి ఈ మూత కుదరదు, ఆకులు రెండడుగుల పైకి లేచి వలలోకి దూరి చిరుగుతాయి. తామర వేరే తొట్టికి మార్చండి.

నేలమట్టం కుంటకు చుట్టూ తాళ్లు

గోడ లేకుండా నేలతో సమంగా ఉండి, రాళ్లు పేర్చిన అలంకారపు కుంటల్లో ఫ్రేము అందవికారంగా ఉంటుందని కొందరు వెనకాడతారు. అక్కడికి నడిచొచ్చే కొంగలే వస్తుంటే తాళ్లు చాలు. కొంగలు ఎక్కువగా కాస్త దూరంలో వాలి, నాలుగు వైపులా చూసుకుని, నడిచి నీళ్లలో దిగుతాయి. ఆ నడకకు అడ్డం పెట్టడమే ఉపాయం.

నీటి అంచుకు అడుగు దూరంలో చుట్టూ గుంజలు పాతండి. 10 ఇంటు 6 కుంటకు చుట్టుకొలత బయటికి జరిగి 40 అడుగులవుతుంది, నాలుగడుగులకొకటి చొప్పున పది గుంజలు. నేల నుంచి 4, 9, 15 అంగుళాల ఎత్తున మూడు వరసలు గాలపు తాడు లాగి కట్టండి. 120 అడుగులు పడుతుంది, వంద మీటర్ల చుట్ట ఒకటి తెస్తే తెగినప్పుడు వాడుకోవడానికీ మిగులుతుంది. పై రెండు వరసలతో సరిపెడితే నారాయణ పక్షి ఆగుతుంది గానీ గుడ్డికొంగ కింది నుంచి దూరుతుంది. తాడు కంటికి ఆనదు కాబట్టి, మనుషులు నడిచే వైపు రంగు గుడ్డ పీలికలు కట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు తట్టుకుని పడితే చేపల సంగతి ఎవరికీ గుర్తుండదు.

లకుముకికీ నీటికాకికీ ఈ తాళ్లతో పనిలేదు. అవి నడిచి రావు.

పొలంలో తవ్విన ఫామ్ పాండ్‌లో బొచ్చె, రాగండి పిల్లలు వదిలినవాళ్లకు వల ఖర్చు భరించలేనిది. భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువుల మీద కట్టినట్టు పైన తాళ్లు లాగడమే మార్గం. అక్కడ ఆ తాళ్లు కట్టేది పక్షులు రొయ్యలను తినేయకుండా ఆపడానికే కాదు. ఒక చెరువులో జబ్బుపడ్డ రొయ్యను పక్షి ఎత్తుకెళ్లి పక్క చెరువులో జారవిడిస్తే తెల్లమచ్చ తెగులు అంటుకుంటుంది. 20 మీటర్లు ఇంటు 20 మీటర్ల పాండ్‌కు గట్టు మీద మూడు మీటర్లకొకటి సరుగుడు కర్రలు పాతి, ఐదారడుగుల ఎత్తున అడుగున్నరకొక వరస నైలాన్ పురితాడు లాగాలి. సుమారు 45 వరసలు, 900 మీటర్ల తాడు, ముడులకు మరో వంద. అంత పొడవున తాడు మధ్యలో వేలాడుతుంది, అందుకని అడ్డంగా మధ్యలో ఒక లావు జీఐ తీగ లాగి, దాని మీదుగా వేయండి. తాడు రంగుగా, కనబడేలా ఉండాలి. కనబడితేనే పక్షి దిగకుండా తప్పుకుంటుంది, కనబడకపోతే రెక్క విరుగుతుంది. నీటికాకులు గట్టు వైపు నుంచి దూరుతుంటే పక్కలకు పాత చేపల వల వేలాడదీయండి.

బెదిరించే సామాను

పాత సీడీలు, మెరిసే రిబ్బన్లు, దిష్టిబొమ్మ మొదటి వారం పనిచేస్తాయి. తర్వాత కొంగ దిష్టిబొమ్మ పక్కనే నిలబడుతుంది. వలో ఫ్రేమో తయారయ్యేలోపు వాడుకోండి, రెండు రోజులకోసారి చోటు మారుస్తూ.

ప్లాస్టిక్ కొంగ బొమ్మ కొనకండి. కొంగలు తోటి కొంగ ఉన్న చోటునే నమ్మి దిగుతాయి.

మనకు వినబడని శబ్దంతో పక్షులను తరిమే యంత్రాలు అమ్ముతారు. పక్షులు కూడా ఆ శబ్దాన్ని వినలేవు. డబ్బు దండగ.

కదలికను పసిగట్టి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ మాత్రం కొంగల మీద నిజంగా పనిచేస్తుంది. అది నిలబడే చోటుకు గురిపెట్టి, వారానికోసారి స్థానం మార్చాలి. వేసవిలో నీటి కటకట ఉన్న ఇంట్లో ఇదో భారం. తొట్టి నీటినే లాగేలా పెడితే మట్టం పడిపోకుండా చూసుకోండి.

లకుముకి కూర్చునే తీగను, కొమ్మను తొట్టి నుంచి పది పన్నెండు అడుగుల దూరానికి జరపండి. కరెంటు వైరు మీరు ముట్టకండి, ఎలక్ట్రీషియన్‌తో గోడ వారగా మార్పించండి. దోమల కోసం గప్పీలు వదిలిన చిన్న తొట్టి అయితే లకుముకి కోసం వల కట్టడం అనవసరం. గప్పీ ఆడచేప నెలకోసారి పదుల సంఖ్యలో పిల్లలు పెడుతుంది. పిట్ట తిన్న నాలుగైదు చేపలు లెక్కలోకి రావు, పైగా అది పెరట్లో తొండలనూ మిడతలనూ కూడా పడుతుంది.

ఉచ్చులు, జిగురు, విషం, వడిసెల మాట ఎత్తకండి. కొంగలు, నీటికాకులు, లకుముకులు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. చంపడమే కాదు, పట్టడం, గాయపరచడం, గుడ్లు పగలగొట్టడం కూడా నేరమే.

చిక్కుకున్నా, గాయపడ్డా

రోజూ పొద్దున వల మీద ఓ చూపు వేయండి. కొంగ చిక్కుకుని ఉంటే ముందు కళ్లద్దాలు పెట్టుకోండి, అది నేరుగా కంటికే పొడుస్తుంది. పాత దుప్పటి తల మీద కప్పితే ఎగరడం మానుతుంది. ముక్కును దుప్పటి మీది నుంచే పట్టుకుని, కాళ్ల చుట్టూ వలను కత్తెరతో కోయండి, లాగొద్దు. రెక్క వేలాడుతుంటే అట్టపెట్టెలో ఉంచి అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయండి. పాము చిక్కితే, నీరుకట్టె విషం లేనిదే అయినా, మీరు చేయి పెట్టకుండా పాములు పట్టేవాళ్లను పిలవండి.

పోటు తిన్న చేపను చేత్తో పట్టకుండా మెత్తటి జల్లెడ వలతో, నీటితో సహా ప్లాస్టిక్ టబ్బులోకి మార్చండి. వంద లీటర్ల తొట్టి నీటికి 300 గ్రాముల అయొడిన్ లేని కల్లుప్పు లెక్క. దాన్ని వేరే బకెట్లో కరిగించి, మూడు వాయిదాలుగా ఒక్కరోజులో కలపండి, ఒకేసారి పోస్తే చేప తట్టుకోలేదు. ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) పెట్టి, టబ్బును సగం మూసి చీకటిగా ఉంచండి. మొదటి రోజు మేత వద్దు. రోజూ నాలుగో వంతు నీళ్లు తీసి, తీసినంతకే ఉప్పు కలిపి కొత్త నీళ్లు పోయండి. నాలుగైదు రోజుల్లో పోటు చుట్టూ ఎరుపు తగ్గి అంచులు దగ్గరికొస్తే బతికినట్టే. దూదిలా తెల్లటి బూజు కమ్ముకుంటే పశువైద్యుడికో, చేపల మందులు తెలిసిన అక్వేరియం షాపు వాళ్లకో చూపించండి.

పోయిన చేపల స్థానంలో కొత్తవి తేవడానికి వల బిగించాక కనీసం పది రోజులు ఆగండి. అలవాటు పడ్డ కొంగ ఆ పది రోజులూ వచ్చి నాలుగు వైపులా తిరిగి సందు కోసం వెతుకుతుంది. ఎక్కడ ఆగి ఎక్కువసేపు చూసిందో అక్కడే మీ వల వదులుగా ఉంది.